పొరల మధ్య దాగిన లోపము

మట్టిగోడ పెట్టు మేస్త్రీ మట్టిని తవ్వి తెచ్చి వెంటనే గోడకు పెట్టడు. వరిగడ్డిని నరికి మట్టిలో వేసి, నీరు పోసి, కాళ్ళతో బాగుగా తొక్కి, నానిన పిమ్మట గోడ పెట్టును. మట్టి ఒక్కటే అయినచో ఎండి బీటలు వారును. గడ్డి ఒక్కటే అయినచో గోడగా నిలువదు. రెండును కలిసినపుడు ఒకదాని కొరతను మరొకటి తీర్చును. కాని ఒకే చెరువు మట్టి, ఒకే పొలము గడ్డి ఇద్దరు మేస్త్రీలకు ఇచ్చి చూడుడు. ఒకని గోడ ఇరువదేండ్లు నిలుచును. రెండవవాని గోడ రెండు వానలకే పెచ్చులూడును. సరుకు ఒక్కటే, తొక్కుటలో, నాననిచ్చుటలో, ఆరనిచ్చుటలో తేడా వచ్చినది.

నేటి విమానముల రెక్కల విషయములోను ఇదియే సంగతి. మన తేజస్ యుద్ధవిమానపు దేహములో బరువున సుమారు 45 శాతము కార్బన్ తంతువులతో చేసిన సంయుక్త పదార్థమే. 2011లో ప్రయాణికులను మోయ నారంభించిన బోయింగ్ 787 విమానములో ఇది సుమారు సగము. ఇనుము, అల్యూమినియమువలె ఈ పదార్థము ముందే తయారై రేకుల రూపములో కర్మాగారమునకు రాదు. వస్తువు తయారగుచున్నప్పుడే పదార్థమును తయారగును. కనుక వండిన తీరులోని తప్పు వస్తువు బలములోనికే చేరిపోవును. ఆ తప్పులు ఎట్లు పుట్టును, ఎంత నష్టము చేయును, వానిని ఎట్లు కనిపెట్టుదురు అను విషయములను ఈ వ్యాసములో తెలిసికొందము.

తంతువు, రెసిన్, పొర

కార్బన్ తంతువు మందము 5 నుండి 7 మైక్రానులు. అనగా మన తలవెంట్రుక మందములో పదవ వంతు మాత్రమే. ఇట్టి వేలకొలది తంతువులను ఒకే దిశలో పరచి, ఎపాక్సీ అను జిగురువంటి రెసిన్‌తో తడిపి, పలుచని పొరగా తీర్చెదరు. ఒక్కొక్క పొర మందము సాధారణముగా మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. ఎనిమిది పొరలు పేర్చిన ఒక మిల్లీమీటరగును.

ఈ పొర ఒక దిశలో మహాబలవంతము. మరొక దిశలో మిక్కిలి దుర్బలము. తంతువుల వెంబడి లాగినచో చదరపు సెంటీమీటరుకు సుమారు 15,000 కిలోగ్రాముల బరువును ఓర్చుకొనును. సాధారణపు ఉక్కు 4,000 కిలోగ్రాముల దగ్గరనే తెగును. పైగా అది ఈ పదార్థమునకు సుమారు ఐదురెట్లు బరువు. కాని తంతువులకు అడ్డముగా లాగినచో ఈ పొర 400 లేక 500 కిలోగ్రాములకే చీలిపోవును. ఏలనన అడ్డముగా పట్టియుంచునది రెసిన్ మాత్రమే. వెదురుబొంగును నిలువునా చీల్చుట ఎంత తేలికయో, అడ్డముగా తెంచుట ఎంత కష్టమో మనకు తెలిసినదే కదా!

ఈ దోషము పోవుటకై ఒక పొరను నిలువుగా, మరొకదానిని అడ్డముగా, ఇంకొకదానిని 45 డిగ్రీల ఏటవాలుగా పేర్చెదరు. అప్పుడు అన్ని దిశలందును బలము చేకూరును. అయితే పొరకును పొరకును మధ్య మాత్రము తంతువు ఏదియు దాటిపోదు. అక్కడ ఉన్నది రెసిన్ ఒక్కటే. పొరల పదార్థమునకు ఇదియే మర్మస్థానము. తయారీలోని లోపములు చాలవరకు చేరునదియు ఇక్కడనే.

పొరల పదార్థమును వండుట

రెసిన్‌తో తడిపిన పొరలను మైనస్ 18 డిగ్రీల చలిలో దాచియుంచెదరు. లేనిచో రెసిన్ తనంతట తానే గట్టిపడ నారంభించును. పని మొదలిడునపుడు చుట్టను బయటికి తీసి, సంచి విప్పకయే గది వేడికి రానిత్తురు. తొందరపడి విప్పినచో చల్లని గాజు గ్లాసు మీద నీటి బొట్లు పట్టినట్లే పొర మీద చెమ్మ పట్టును. తరువాత అచ్చు మీద పొరలను ఒకదానిపై నొకటి పేర్చి, పైన సంచివంటి తొడుగు వేసి, లోపలి గాలిని పంపుతో లాగివేయుదురు. అటుపిమ్మట ఆ మొత్తమును ఆటోక్లేవ్ అను పెద్ద ఉక్కు పాత్రలో పెట్టెదరు. దీనిని మన ప్రెషరు కుక్కరుకు పెద్దన్న అనవచ్చును. లోపల గాలికి బదులు తరచుగా నైట్రోజన్ నింపుదురు. నిప్పు అంటుకొను భయము దానివలన తగ్గును. పీడనమును సుమారు 7 వాతావరణములకు పెంచి, నిమిషమునకు ఒకటి నుండి మూడు డిగ్రీల చొప్పున వేడిచేసి, సుమారు 180 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచి, నెమ్మదిగా చల్లార్చెదరు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ ఇట్టి ఆటోక్లేవ్‌లను స్వయముగా రూపొందించి, తేజస్ విమానపు తోకభాగము మున్నగు వానిని తయారుచేసినది.

వినుటకు సులభముగా నున్నది. కాని వేడి, పీడనము, కాలము అను ఈ మూడింటిలో ఏ ఒక్కటి అదుపు తప్పినను పని చెడును.

పాకము ముదురక ముందే

అరిసెలు వండు ఇల్లాలికి పాకము సంగతి బాగుగా తెలియును. లేతపాకములో పిండి కలిపినచో అరిసె నిలువదు. ముదిరిన పిదప కలిపినచో రాయి అగును. రెసిన్‌కును ఇట్టి అదనే కలదు. వేడి తగిలినకొలది అది మొదట పలుచనై నీరువలె పారును. మరికొంత సేపటికి దాని అణువులు ఒకదానితో నొకటి ముడిపడి పెద్ద వలగా అల్లుకొన నారంభించును. అప్పుడు చిక్కబడి, జెల్లిగా మారి, చివరకు గట్టిపడును. బెల్లపు పాకమును నీరు పోసి మరల కరిగింపవచ్చును; ఈ రెసిన్‌ను కరిగించుటకు వీలులేదు.

రెసిన్ పలుచగా ఉన్నప్పుడే పీడనము పనిచేయవలెను. అప్పుడు పొరల మధ్య చిక్కుకొన్న గాలి బయటికి పోవును, లేదా రెసిన్‌లో కరిగి అణగియుండును. ఆలస్యమైనచో జెల్లిగా మారిన రెసిన్‌లో బుడగలు ఉన్నవి ఉన్నట్లే బిగిసిపోవును. మరీ ముందుగా, మరీ గట్టిగా నొక్కినచో రెసిన్ అంచులనుండి కారిపోయి తంతువులు పొడిగా మిగులును. దళసరి వస్తువులలో మరొక చిక్కు కలదు. రెసిన్ గట్టిపడునపుడు తానే వేడిని పుట్టించును. వేడిచేయుట త్వరపడినచో ఆ ఉష్ణము బయటికి పోలేక, నడిమి భాగము పైభాగముకంటె చాల వేడెక్కి, మాడిపోవుటయు గలదు.

తేమ చేయు కీడు

పూరీ పొంగుటకు కారణమేమి? పిండిలోని నీరు నూనె వేడికి ఆవిరియై పైపొరను క్రిందిపొరనుండి ఎత్తివేయుటయే. వంటింటిలో మనకు సంతోషము కలిగించు ఈ సంగతియే విమానపు రెక్కకు శత్రువు. ఎపాక్సీ రెసిన్ గాలిలోని తేమను పీల్చుకొనును. వండునపుడు ఆ తేమ ఆవిరియై బుడగ కట్టజూచును.

దీనిని విద్యార్థులు చిన్న లెక్కతో చూడవచ్చును. 180 డిగ్రీల వద్ద నీటి ఆవిరి సంతృప్త పీడనము సుమారు 10 వాతావరణములు. పొరలు 50 శాతము తేమగల గదిలో చాలసేపు ఉండి ఆ తేమను పీల్చినవనుకొందము. అప్పుడు రెసిన్‌లోని నీటి ఆవిరి పీడనము స్థూలముగా 10లో సగము, అనగా 5 వాతావరణములు. ఆటోక్లేవ్ పీడనము 7. కనుక ఆవిరి అణగియుండును, బుడగ పుట్టదు. అదే గదిలో తేమ 80 శాతమైనచో ఆవిరి పీడనము 8 వాతావరణములగును. 7 వాతావరణముల పీడనము దానిని అణచజాలదు. బుడగలు పుట్టి పెరుగును.

ఇందులో ఇంకొక మెలిక కలదు. ఆటోక్లేవ్‌లోని పీడనమంతయు రెసిన్ మీదనే పడునని చెప్పుటకు వీలులేదు. రెసిన్ అతిగా కారిపోయినచో తంతువులు ఒకదానికొకటి ఆనుకొని ఆ బరువును తామే మోయును. బరువులో సగము తంతువులే మోసినచో రెసిన్‌కు దక్కునది మూడున్నర వాతావరణములే. అప్పుడు 50 శాతము తేమకే బుడగ పుట్టును. కొలతగడియారములో 7 అని కనబడుచున్నను లోపల వస్తువు చెడుచుండును! అందుచేతనే పొరలు పేర్చు గదిలో తేమను, వేడిని, దుమ్మును ఎల్లప్పుడును అదుపులో ఉంచెదరు. పనివారు చేతికి తొడుగులు లేనిదే పొరను ముట్టరు.

బుడగ వలన నష్టమెంత?

బుడగలు మొత్తము ఘనపరిమాణములో ఒక శాతముండిన ఏమగును? తంతువుల వెంబడి లాగునపుడు పెద్ద తేడా కనబడదు. భారమును మోయునవి తంతువులే కదా. కాని ఒక పొరను మరొక పొరపై జార్చు బలమును ఓర్చుకొను శక్తి మాత్రము వెంటనే తగ్గును. అనేక పరీక్షలనుండి తేలినదేమనగా, బుడగలు ఒక్కొక్క శాతము పెరిగినకొలది ఈ శక్తి సుమారు 7 శాతము చొప్పున తగ్గును. సుమారు 4 శాతము వరకు ఈ లెక్క చెల్లును. అనగా మూడు శాతము బుడగలున్నచో శక్తిలో ఐదవ వంతు పోయినట్లే. విమాన భాగములలో బుడగలు ఒకటి రెండు శాతములకు మించరాదని నియమము పెట్టుటకు ఇదియే కారణము.

బుడగ ఉండు చోటు, దాని ఆకారము కూడ ముఖ్యమే. రెసిన్ నడుమ గుండ్రని చిన్న బుడగ కంటె, రెండు పొరల మధ్య పలుచగా పరచుకొన్న బుడగ చాల ప్రమాదకరము. అది ముందే తెరచుకొన్న పగులువంటిది. భారము పడినపుడెల్ల దాని అంచు కొంచెము కొంచెముగా ముందుకు సాగును. పొరలు విడిపోవుట ఇట్లే మొదలగును. పొరల మధ్య మరచిపోయిన కాగితపు ముక్క గాని, ప్లాస్టిక్ పలక గాని ఇట్టి కీడునే చేయును. అందుకే ప్రతి పొరనుండి ఒలిచిన కాగితమును లెక్కపెట్టుట మంచి కర్మాగారములలో ఆచారము.

చల్లారునపుడు పుట్టు ఒత్తిడి

తయారైన వస్తువు మీద ఏ బరువును పెట్టకున్నను దానిలో ఒత్తిడి దాగియుండునన్నచో ఆశ్చర్యము కలుగును. కాని అది నిజము. కార్బన్ తంతువు తన పొడవు దిశలో వేడికి దాదాపు వ్యాకోచింపదు. పొర అడ్డముగా మాత్రము డిగ్రీకి పదిలక్షలలో 30 వంతుల చొప్పున వ్యాకోచించును. నిలువుపొర, అడ్డపొర 180 డిగ్రీల వద్ద అతుకుకొని 30 డిగ్రీలకు చల్లారినవి. తేడా 150 డిగ్రీలు. అడ్డపొర ముడుచుకొనజూచు ప్రమాణము 150 × 30, అనగా పదిలక్షలలో 4,500 వంతులు, శాతములో 0.45. ప్రక్కనున్న నిలువుపొర దానిని ముడుచుకొననీయదు. కనుక అడ్డపొర ఎల్లప్పుడును సాగదీయబడియే యుండును. లెక్కించి చూచిన ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 400 కిలోగ్రాముల వరకు పోవచ్చును. అడ్డపొర చీలుటకు కావలసినది 400 లేక 500 మాత్రమేనని పైన చెప్పితిమి! కనుకనే కొన్నిసార్లు వస్తువు చల్లారునపుడే లోపల సన్నని చీలికలు ఏర్పడును.

పైనుండి మధ్యకు, క్రిందినుండి మధ్యకు పొరల వరుస ఒకే తీరున లేనిచో, చల్లారిన పలక అప్పడమువలె వంకర తిరుగును. పాఠశాలలో రెండులోహముల పట్టీ వేడికి వంగుట చూచినవారికి దీని కారణము చెప్పనక్కరలేదు.

వంకర తంతువు: ఒక విషాద కథ

ఇంతవరకు చెప్పినది లాగుట, చీలుట గురించి. ఒత్తిడికి నొక్కుకొనుటలో మరొక ప్రమాదము గలదు. తంతువు నిటారుగా ఉన్నంతవరకే అది ఒత్తిడిని మోయును. పొరలు ముడుతపడి తంతువు కొద్ది డిగ్రీలు వంకర తిరిగినను, రెసిన్ దానిని ప్రక్కనుండి పట్టి నిలుపలేక, ఆ చోట తంతువుల కట్ట యంతయు మోకాలువలె మడిచిపోవును. కొద్ది డిగ్రీల వంకరవలననే నొక్కుడును ఓర్చు బలము సగమునకు పడిపోవచ్చును.

2023 జూన్ 18న ఉత్తర అట్లాంటిక్ సముద్రములో టైటాన్ అను చిన్న జలాంతర్వాహనము టైటానిక్ ఓడ శిథిలములను చూడబోవుచు నలిగిపోయినది. అందులోని ఐదుగురును మరణించిరి. ఆ శిథిలములున్న లోతు సుమారు 3,800 మీటర్లు. పది మీటర్లకు ఒక వాతావరణము చొప్పున లెక్కించిన అక్కడి పీడనము 380 వాతావరణముల పైమాట. టైటాన్ నడిమి గొట్టము కార్బన్ తంతువులతో చేసినది. గోడ మందము సుమారు 5 అంగుళములు. అంత దళసరి గోడను ఒక్కసారి వండక, సుమారు అంగుళము మందముగల ఐదు దొంతరలుగా చుట్టి, ఒక్కొక్క దానిని వండి, ముడుతలను అరగదీసి, జిగురు వేసి, దానిపై మరొకటి చుట్టిరి. ముడుతలను అరగదీసినచో పైకి నునుపు వచ్చును. కాని ఆ చోట తంతువులు తెగును.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి పరిశోధకులు ఆ గొట్టపు ముక్కలను పరీక్షించిరి. తంతువుల వంకరలు, ముడుతలు, రెసిన్‌లో సన్నని రంధ్రములు, జిగురులో ఖాళీలు కనబడినవి. 2022 జూలై 15న ఒక ప్రయాణము ముగించి పైకి వచ్చుచుండగా గొట్టమునుండి పెద్ద చప్పుడు వినబడినది. గోడ మీద అమర్చిన కొలతసాధనములు ఆ తరువాతి ప్రయాణములలో వేరు తీరుగా పలుక నారంభించినవి. పొరలు విడిపోవుట అప్పుడే జరిగినదని మండలి నిర్ణయించినది. గొట్టము కావలసిన బలమును, మన్నికను అందుకొనలేదనియు, దానిని రూపొందించి పరీక్షించిన విధానము చాలదనియు 2025లో తేల్చినది. పదార్థము హెచ్చరించినది, ఆ హెచ్చరికను చదువుటలో మనుష్యులు తప్పిరి.

తట్టి చూచుట

సంతలో కుండ కొనువారు దానిని వ్రేలితో తట్టి చూతురు. మంచి కుండ ఖంగుమని మ్రోగును. బీటవారినది బొంగురుగా పలుకును. పొరల పదార్థమును పరీక్షించుటకు నేటికిని ఒక పద్ధతి ఇదియే. నాణెముతో గాని, చిన్న సుత్తితో గాని మెల్లగా తట్టినచో, పొరలు విడిన చోట ధ్వని మొద్దుగా వచ్చును. లోతైన పరీక్షకు మన చెవికి వినబడని అతిధ్వనిని పంపుదురు. అది గాలి ఉన్న చోట తిరిగి ప్రతిఫలించును. వస్తువు మీద వరుసగా ఇట్లు చూచుచు పోయినచో లోపముల పటమే తయారగును. అయితే సన్నని తంతు వంకరలను ఈ పద్ధతి సులభముగా పట్టదు. అందుచేత ప్రతి వస్తువుతోపాటు అదే ఆటోక్లేవ్‌లో ఒక నమూనా పలకను కూడ వండి, దానిని కోసి, విరిచి చూచుట మంచి అలవాటు.

ఇవి విమానముల సంగతులే యని అనుకొనరాదు. మన కోస్తాలో బెస్తవారు వాడు ఫైబరు పడవలు గాజు తంతువుల పొరలతో, చేతితో రెసిన్ పూసి చేసినవి. అక్కడ ఆటోక్లేవ్ లేదు. బుడగలను రోలరుతో నొక్కి బయటికి పంపువాని ఓపికయే పీడనము. గట్టిపరచు మందు కొలతలో తప్పినను, తేమ పట్టిన చాపను పరచినను, ఆ పడవ గోడలో నీరు దూరి పొక్కులు లేచును. హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాలలో క్షిపణులకై నేర్చిన ఈ విద్యతోనే పోలియో పిల్లల కాళ్ళకు తేలికయైన ఊతములు తయారైనవి. అంతకుముందు 3 కిలోగ్రాముల లోహపు ఊతము నీడ్చుచు నడచిన పిల్లలకు 300 గ్రాముల ఊతము లభించినదని అబ్దుల్ కలాంగారు చెప్పియున్నారు. ఆ పిల్లవాడు పరుగెత్తునపుడు ఆ ఊతము విరుగరాదు కదా!

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు రెండు చిన్న ప్రయోగములు చేయించవచ్చును. మొదటిది: వార్తాపత్రికను సమానమైన పట్టీలుగా కత్తిరించి, ఎనిమిదేసి పట్టీలను పిండిజిగురుతో అంటించి రెండు పలకలు చేయుడు. ఒకదానిని పుస్తకముల బరువు క్రింద ఒక రోజంతయు ఆరనిండు. రెండవదానిని బరువు లేకయే ఆరనిండు. రెండును ఆరిన పిమ్మట వంచి, తట్టి, అంచున పొరలను విడదీయ యత్నించి తేడా వ్రాయుడు. రెండవది: పట్టీలలో సగము పత్రికలో నిలువుగా, సగము అడ్డముగా కత్తిరించినవి తీసికొనుడు. పైసగము నిలువువి, క్రిందిసగము అడ్డమువి పెట్టి ఒక పలక చేయుడు. నిలువువాని మధ్య అడ్డమువానిని పెట్టి మరొక పలక చేయుడు. రెండింటిని బరువు లేకయే ఆరనిచ్చి, ఏది ఎక్కువగా వంకర తిరిగినదో, ఎందువలననో విద్యార్థులచేతనే చెప్పించుడు.

బలము పదార్థము పేరులో లేదు. పని చేసిన తీరులో ఉన్నది. కార్బన్ తంతువు ఎంత గొప్పదైనను, దానిని పరచిన చేయి తొందరపడినచో, గదిలో తేమ హెచ్చినచో, వేడి అదను తప్పినచో ఆ గొప్పతనము పొరల మధ్యనే ఇంకిపోవును. పైకి నల్లగా, నున్నగా మెరయు పలకను చూచి లోపలి సంగతి చెప్పలేము. కనుక కొలిచి, వ్రాసియుంచి, తట్టి, అనుమానించి, మరల పరీక్షించు అలవాటే ఈ విద్యకు మొదటి పాఠము. రేపు ఇట్టి పనులలో చేరబోవు విద్యార్థులు ఆ పాఠమును నేడే మొదలిడుదురు గాక!